స్టేషన్‌కి రమ్మన్నారు, ఫోన్ కూడా తెమ్మన్నారు. వెళ్ళాలా?

అడిగినది: గట్టుమీద

అందరికీ నమస్కారం. సలహా కావాలి, అదీ శుక్రవారం లోపు.

పదకొండేళ్ళు ఒక దినపత్రికకి మండల విలేకరిగా పనిచేశాను. రెండేళ్ళ కిందట మానేసి సొంతంగా ఒక యూట్యూబ్ ఛానెల్, చిన్న వెబ్‌సైట్ నడుపుతున్నాను. కెమెరా నేనే, ఎడిటింగ్ నేనే, గొంతూ నాదే. అక్రిడిటేషన్ కార్డు లేదు. వెనక యాజమాన్యం లేదు, లీగల్ సెల్ లేదు.

మా ఏటి ఇసుక రీచ్‌లో (ఇసుక తవ్వే చోట) ఒకే వే బిల్లు, అంటే ఒక ట్రిప్పు రవాణాకి ఇచ్చే అనుమతి కాగితం, మీద రాత్రికి మూడు నాలుగు ట్రిప్పులు తోలుతున్నారు. నాలుగు రాత్రులు గట్టు మీద కూర్చుని టిప్పర్ల నంబర్లు, టైములు నోట్‌బుక్‌లో రాసుకున్నాను. బిల్లుల ఫొటోలు లోపలి మనిషి ఒకాయన ఇచ్చాడు. నా రాతలు, ఆయన బిల్లులు పక్కపక్కన పెట్టి చూస్తే మొత్తం బయటపడింది. అధికారులకి వివరణ అడుగుతూ రెండుసార్లు మెయిల్ పెట్టాను, జవాబు లేదు. వారం ఆగి వీడియో పెట్టాను.

మూడో రోజు కానిస్టేబుల్ ఫోన్ చేశాడు. "సార్ ఒకసారి రమ్మంటున్నారన్నా, ఊరికే మాట్లాడ్డానికే. ఫోన్ మర్చిపోవద్దన్నారు." సాయంత్రానికి వాట్సాప్‌లో ఒక కాగితం ఫొటో వచ్చింది. పైన 35(3) నోటీసు అని టైపు చేసి ఉంది. క్రైం నంబర్ అన్న చోట చుక్కలే, అంకె లేదు. సెక్షన్ల దగ్గర పెన్నుతో రెండు నంబర్లు రాసి, పక్కన "వగైరా" అని రాశారు. సంతకం ఉంది, స్టాంపు లేదు. చివరి వాక్యం మాత్రం శుభ్రంగా టైపు చేశారు: మీరు వాడు మొబైల్ ఫోన్లు, మెమరీ కార్డులతో సహా హాజరు కావలెను.

ఆ చివరి వాక్యం చదివాక నాకు నిద్ర లేదు. వాళ్ళకి కావలసింది నేను కాదు, ఆయన. ఆయన పేరు నా భార్యకి కూడా చెప్పలేదు. ఆయనకి పెళ్ళి కావలసిన కూతురుంది, ఉద్యోగం పోతే ఇంకో దారి లేదు.

ఇంకో సంగతి. నిన్న ఇంటి ఓనర్ వచ్చి "నెలాఖరుకి ఇల్లు చూసుకోండి బాబూ, నామీద కోపం పెట్టుకోకండి" అన్నాడు. నా భార్యది ఔట్‌సోర్సింగ్ ఉద్యోగం. "మీ ఆయన ఏం చేస్తుంటాడమ్మా" అని వాళ్ళ సూపర్‌వైజర్ అడిగాడట. మూడేళ్ళలో ఎప్పుడూ అడగని మనిషి.

వెళ్ళాలా వద్దా? ఫోన్ ఇవ్వాలా? పేరు చెప్పమంటే ఏమనాలి? ఫోన్‌లో ఉన్నవన్నీ ఇప్పుడే తుడిచేస్తే నయమా?

జవాబు: మెట్లకోర్టు

పదహారేళ్ళుగా మేజిస్ట్రేట్ కోర్టుల్లో క్రిమినల్ ప్రాక్టీస్ చేస్తున్నాను. మీ ఆఖరి ప్రశ్నతోనే మొదలుపెడతాను, అందులోనే ప్రమాదం ఎక్కువ.

తుడవకండి. నోటీసు చేతికందాక ఒక్క మెసేజ్ తీసేసినా, సాక్ష్యం మాయం చేశాడని దాని మీద వేరే కేసు పెట్టే వీలుంటుంది. ఇప్పటిదాకా మీ మీద బలమైన సెక్షన్ ఏదీ లేకపోతే మీ చేతులతో మీరే ఒకటి ఇచ్చినట్టవుతుంది. ఫోన్ ఎలా ఉందో అలాగే ఉంచండి. వేలిముద్రతో, ముఖం చూపిస్తే తెరుచుకునే ఏర్పాటు మాత్రం తీసేసి పొడుగాటి పాస్‌వర్డ్ పెట్టుకోండి. పాస్‌వర్డ్ చెప్పమని బలవంతపెట్టొచ్చా అన్నదాని మీద మన కోర్టులు ఒక్క మాట మీద లేవు. అందుకే అడిగితే "మా వకీలుతో మాట్లాడి రాతపూర్వకంగా చెబుతాను" అనండి. అంతకుమించి ఒక్క ముక్క వద్దు.

నోటీసు సంగతి. 35(3) అంటే పోలీసుల ముందు హాజరు కమ్మనే నోటీసు. ఇదీ, కింద నేను చెప్పే 179, 94, 105 కూడా బీఎన్‌ఎస్‌ఎస్‌లోని సెక్షన్లు, పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం అది. 35(3) నోటీసును వాట్సాప్‌లో పంపడం చెల్లదు. సతీందర్ కుమార్ అంతిల్ కేసులో సుప్రీంకోర్టు 2025 జనవరిలో స్పష్టంగా చెప్పింది, చేతికివ్వాలి. అయితే చెల్లదు కదా అని ఊరుకుంటే "పిలిస్తే రాలేదు" అని రాసుకుంటారు, నోటీసుకి హాజరు కాకపోవడమే అరెస్టుకి కారణంగా చూపిస్తారు. అందుకని ఈ రోజే ఒక కాగితం రాయండి. ఫలానా తేదీన ఫలానా నంబర్ నుంచి ఒక ఫొటో వచ్చింది, అందులో క్రైం నంబర్ లేదు, నన్ను నిందితుడిగా పిలుస్తున్నారా సాక్షిగా పిలుస్తున్నారా తెలియడం లేదు, ఎఫ్‌ఐఆర్ కాపీ ఇప్పించండి, సహకరించడానికి సిద్ధంగా ఉన్నాను. ఈ ఐదు సంగతులు చాలు. స్పీడ్ పోస్ట్‌లో స్టేషన్‌కి ఒకటి, ఎస్పీ ఆఫీసుకి ఒకటి. రసీదులు దాచండి.

నిందితుడా, సాక్షా అన్నది ఎందుకు అడగాలంటే, రెండింటికీ దారులు వేరు. సాక్షిగా అయితే 179 కింద పిలవాలి. ఆడవాళ్ళనీ అరవై దాటిన మగవాళ్ళనీ ఆ సెక్షన్ కింద స్టేషన్‌కి రప్పించకూడదు, ఇంటికే వచ్చి అడగాలి. 35(3) కింద పిలిచారంటే మీ మీద ఏదో నేరం మోపుతున్నట్టు. చెప్పినట్టు హాజరవుతున్నంత కాలం, కారణాలు రాసి పెట్టకుండా మిమ్మల్ని అరెస్టు చేయకూడదు.

ఎఫ్‌ఐఆర్ ఉందేమో పోలీసుల వెబ్‌సైట్‌లో వెతకండి. సున్నితమైన కేసులు తప్ప మిగతావన్నీ 24 గంటల్లో పెట్టాలని 2016లో సుప్రీంకోర్టు ఆదేశించింది. కనిపించకపోతే అది కూడా మీ కాగితంలో రాయండి.

ఇక ఫోన్. "తెచ్చి ఇవ్వు" అని రాసింది ఏ సెక్షన్ కిందో అడగండి. వస్తువులు, కాగితాలు తెచ్చిమ్మనడానికి 94 ఉంది. కానీ నిందితుడిని తన మీద తనే సాక్ష్యం మోసుకు రమ్మనడానికి ఆ రకం సెక్షన్ పనికిరాదని 1965లోనే ఒక గుజరాత్ కేసులో రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. రాజ్యాంగం 20(3) కూడా అదే. కాబట్టి ఫోన్ జేబులో పెట్టుకుని వెళ్ళకండి. అయినా వాళ్ళు వచ్చి స్వాధీనం చేసుకుంటే పెనుగులాడకండి, "విధులకు ఆటంకం" అని ఇంకొకటి తగిలిస్తారు. పంచనామా అడగండి. అందులో ఐఎంఈఐ (ఒక్కో ఫోన్‌కి విడిగా ఉండే గుర్తింపు) నంబర్ ఉండాలి, మీ ఎదుటే సీల్ వేయాలి, 105 ప్రకారం మొత్తం వీడియో తీయాలి. వీడియో తీయకపోతే "తీయలేదు" అని మీ సంతకం పక్కన మీ చేత్తో రాయండి.

జవాబు: సీల్‌కవర్

వకీలు గారు చెప్పిన పంచనామా మాట నాకు ఎవరూ ముందు చెప్పలేదు. అందుకే రాస్తున్నాను.

నా ఫోన్ తీసుకెళ్ళి పద్నాలుగు నెలలైంది. నేను చేసిందల్లా ఒక హాస్టల్ గురించి రాయడం. "రేపు వచ్చి తీసుకెళ్ళండి మేడం" అని ఒక తెల్లకాగితం మీద "ఒక నల్ల ఫోను" అని రాసి ఇచ్చారు. ఐఎంఈఐ లేదు, సీల్ లేదు, తేదీ కూడా నేను అడిగితే వేశారు. ఆ ఫోన్ ఇన్నాళ్ళు ఎవరి సొరుగులో ఉందో, ఎవరు తెరిచారో, ఏం తీశారో, ఏం పెట్టారో చెప్పగలిగే కాగితం నా దగ్గర ఒక్కటీ లేదు. స్వాధీనం చేసుకునేటప్పుడే హాష్ వాల్యూ, అంటే లోపలి ఫైళ్ళకి వేలిముద్రలాంటి ఒక సంకేతం, రాయించుకుంటే తర్వాత ఒక్క ఫైలు మారినా దొరికిపోతుందని ఆ తర్వాత తెలిసింది. అది అడగండన్నా, తప్పకుండా అడగండి. ఆ మాట విన్నాక అవతలివాళ్ళ ధోరణి మారుతుందని వేరే విలేకరి ఒకాయన చెప్పాడు.

2023 అక్టోబర్ 3న న్యూస్‌క్లిక్ అనే వార్తల వెబ్‌సైట్ వాళ్ళ ఇళ్ళ మీద పోలీసులు పడి ఫోన్లు, ల్యాప్‌టాప్‌లు పట్టుకెళ్ళినప్పుడు దేశమంతా మాట్లాడింది. ఆ తర్వాతి నెలలో సుప్రీంకోర్టు కూడా, ఇలా పరికరాలు తీసుకెళ్ళడానికి మార్గదర్శకాలు ఉండాలని కేంద్రానికి చెప్పింది. మాలాంటి మండలం వాళ్ళ ఫోన్ పోతే మాట్లాడేది మా ఇంట్లోవాళ్ళే.

మా అమ్మ పోయే ముందు పంపిన వాయిస్ మెసేజ్‌లు అందులోనే ఉన్నాయి. కేసుకీ వాటికీ సంబంధం లేదని నాకు తెలుసు. కానీ ఫోన్ ఇవ్వడం అంటే ఏమిటో అడిగారు కాబట్టి చెబుతున్నాను. ఇంకొకటి, అంతకంటే పెద్ద నష్టం. ఫోన్ పోయిందని తెలిసిన రోజు నుంచి నాకు వార్తలు చెప్పేవాళ్ళు ఫోన్ చేయడం మానేశారు. కొత్త నంబర్ పంపితే ఒకావిడ "మీరు మంచివారేనమ్మా, నాకే భయం" అంది. కేసు గెలిచినా ఆవిడ మళ్ళీ మాట్లాడదు.

జవాబు: మూడోకాపీ

నేను విలేకరిని కాదు. ఒక ప్రభుత్వ ఆఫీసులో పనిచేస్తాను. ఇంతకన్నా ఎక్కువ చెప్పను. ఎనిమిదేళ్ళ కిందట ఒక విలేకరికి కాగితాలిచ్చాను. ఆయన నా పేరు ఈనాటికీ ఎవరికీ చెప్పలేదు, నేను ఇంకా ఉద్యోగంలోనే ఉన్నాను. మీ పోస్టు చదివాక రాయకుండా ఉండలేకపోయాను.

గట్టుమీద గారూ, మీ ఫోన్ కంటే ముందు మీ వీడియో చూడండి. కూర్చుని, ఆపుకుంటూ, ఒక్కో ఫ్రేము చూడండి. బిల్లుల ఫొటోలు అలాగే చూపించారా? సీరియల్ నంబర్ కనిపిస్తోందా? ఆఫీసులో ఒక కాగితం ఎవరెవరి చేతుల మీదుగా పోతుందో అందరికీ తెలుసు. ఫలానా పుస్తకంలో ఫలానా కాపీ ఇద్దరో ముగ్గురో చూస్తారంతే. గులాబీ రంగు కాపీనా, తెల్లదా అన్నదాంతోనే సగం మంది తప్పుకుంటారు. ఫొటో అంచున బొటనవేలు పడిందా? ఉంగరం ఉందా? కాగితం కింద టేబుల్ గ్లాసు, దాని కింద క్యాలెండర్ ఉన్నాయా? నేనిచ్చిన కాగితాల మూల మీద మా పై అధికారి టిక్కు ఉంది. అది నాకు తట్టలేదు. ఆ విలేకరికి తట్టింది. ఆయన ఒక్క ఫొటో కూడా వేయకుండా, అంకెలు మాత్రం చేత్తో రాసుకుని పేపర్లో వేశాడు. "ఒరిజినల్ నా దగ్గరుంది, ఎవరైనా కాదంటే కోర్టులో చూస్తాం" అన్నాడు. ఎవరూ కాదనలేదు.

మీ వీడియోలో అలాంటివి ఉంటే ఏం చేయాలో వకీలు గారినే అడగండి. ఇంకో మాట. ఈ వారం ఆయనకి ఫోన్ చేయకండి, ధైర్యం చెప్పడానికి కూడా వద్దు. మీ నంబర్ నుంచి ఆయనకి ఇప్పుడు వెళ్ళే ఒక్క కాల్ చాలు. ఆ రోజుల్లో మా విలేకరి నన్ను రోడ్డు మీద చూసి కూడా పలకరించలేదు. మొదట్లో బాధేసింది, తర్వాత అర్థమైంది.

జవాబు: నాలుగురోడ్లు

అందరూ ఒకే వైపు మాట్లాడుతున్నారు. మా దగ్గర యూట్యూబ్ లోగో పట్టుకుని క్వారీల దగ్గరా, బడుల దగ్గరా వసూళ్ళు చేసేవాళ్ళు కనీసం నలుగురున్నారు. పోలీసులు ఎవర్ని నమ్మాలి?

జవాబు: మెట్లకోర్టు

న్యాయమైన ప్రశ్నే. వసూళ్ళు చేసేవాళ్ళ మీద కేసు పెట్టాలి, డబ్బు అడిగిన రుజువుతో పెట్టాలి. కానీ నా దగ్గరికి వచ్చే కేసుల్లో వరస తిరగబడి ఉంటుంది. ముందు వార్త వస్తుంది, తర్వాత "డబ్బు అడిగాడు" అన్న ఫిర్యాదు పుడుతుంది. అందుకే గట్టుమీద గారు రెండు మెయిళ్ళు పెట్టానని రాయగానే నాకు ప్రాణం లేచొచ్చింది. ప్రచురణకి వారం ముందు, ప్రశ్నలు మాత్రమే ఉన్న మెయిల్ కంటే మంచి సాక్ష్యం లేదు. దానిని ప్రింట్ తీసి, హెడర్లతో (మెయిల్ ఎప్పుడు, ఎవరి నుంచి ఎవరికి వెళ్ళిందో చూపే వివరాలతో) సహా ఫైల్లో పెట్టండి. నోటిమాటగా వివరణ అడిగే అలవాటున్న విలేకరులందరూ ఆ అలవాటు ఈ రోజే మానుకోవాలి.

పరువు నష్టం అని బెదిరిస్తే ఒకటి గుర్తుంచుకోండి. దానికి పోలీసులు నేరుగా ఎఫ్‌ఐఆర్ కట్టలేరు. పరువు పోయిందన్న మనిషి కోర్టుకి వచ్చి ఫిర్యాదు చేసుకోవాలి. మాటలు, రాతల మీద మూడు నుంచి ఏడేళ్ళ లోపు శిక్ష పడే సెక్షన్లు పెట్టేటప్పుడైతే, ముందు ప్రాథమిక విచారణ చేసుకోవడం మేలని ఇమ్రాన్ ప్రతాప్‌గఢీ కేసులో 2025 మార్చి 28న సుప్రీంకోర్టు చెప్పింది.

పేరు గురించి మీరడిగిన దానికి నేనింకా జవాబివ్వలేదు, కావాలనే ఆగాను. ఎందుకంటే నచ్చే జవాబు కాదు. విలేకరి తన సోర్సు పేరు చెప్పనక్కర్లేదని పోలీసుల ముందు, కోర్టుల ముందు కాపాడే చట్టం మన దేశంలో లేదు. 1978 ప్రెస్ కౌన్సిల్ చట్టంలో 15(2) ఉంది, కానీ అది ప్రెస్ కౌన్సిల్ విచారణకే పరిమితం. చేతిలో ఉన్నది పెగాసస్ (ఫోన్లలో చొరబడే నిఘా సాఫ్ట్‌వేర్) కేసులో 2021 అక్టోబర్ 27న సుప్రీంకోర్టు అన్న మాట: సోర్సులకి రక్షణ లేకపోతే పత్రికా స్వేచ్ఛ నిలవదన్నది దాని సారం. దాన్ని పట్టుకుని వాదిస్తాం. స్టేషన్‌లో మీరు చెప్పాల్సింది ఒక్కటే, "వృత్తి ధర్మం ప్రకారం చెప్పలేను, కోర్టులో సమాధానమిస్తాను." అబద్ధం చెప్పకండి. "తెలియదు" అనకండి, "దొరికింది" అనకండి. "చెప్పను" వేరు, "తెలియదు" వేరు. మొదటిది మీ హక్కు కోసం నిలబడటం. రెండోది రేపు మిమ్మల్నే పట్టిస్తుంది. 1978లో నందిని సత్పతి కేసులో, తన మీదకే నేరం వచ్చే ప్రశ్నలకి మౌనంగా ఉండే హక్కు స్టేషన్‌లో కూడా ఉందని తేల్చారు. వకీలుని దగ్గర పెట్టుకునే హక్కూ అక్కడే వచ్చింది.

ఒకవేళ అరెస్టు అంటే, కారణాలు రాతలో ఇమ్మనండి. న్యూస్‌క్లిక్ సంపాదకుడు ప్రబీర్ పుర్‌కాయస్థ అరెస్టు చెల్లదని 2024 మే 15న కోర్టు కొట్టేసింది సరిగ్గా దాని మీదే. వకీలు ఫీజు కష్టమైతే 15100కి ఫోన్ చేయండి, జిల్లా న్యాయసేవాధికార సంస్థకి కలుపుతారు.

జవాబు: పాతడెస్క్

ముప్పై రెండేళ్ళు డెస్క్‌లో పనిచేసి రిటైరయ్యాను. చట్టం గురించి వకీలు గారు చెప్పాక నేను చెప్పేదేమీ లేదు. తమ్ముడూ, నువ్వు రాసిన దాంట్లో నన్ను పట్టుకున్నది ఇంటి ఓనరు, మీ ఆవిడ సూపర్‌వైజరు. మనిషిని ఒంటరి చేసే పని అక్కడ మొదలైంది. దానికి విరుగుడు ఒంటరిగా ఉండకపోవడమే, వేరే మందు నాకు తెలియదు.

వెళ్ళే రోజు నీతో ఇద్దరు విలేకరులు ఉండాలి. నీ ఛానెల్‌కి పోటీ అయినా సరే, మీకు మాటల్లేకపోయినా సరే, వాళ్ళింటికి వెళ్ళి అడుగు. లోపలికి ఎన్నింటికి వెళ్ళావో, ఎన్నింటికి వచ్చావో వాళ్ళు రాసుకోవాలి. యూనియన్ ఏదైనా ఫరవాలేదు, ఒక లెటర్‌హెడ్ మీద ఎస్పీకి ఉత్తరం వెళ్ళాలి.

రెండోది, ఆ నోట్‌బుక్, ఆ బిల్లులు నీ ఒక్కడి దగ్గరే ఉన్నంత కాలం నిన్ను ఆపితే వార్త ఆగుతుందన్న ఆశ అవతలివాళ్ళకి ఉంటుంది. మాల్టాలో డాఫ్నీ కరువానా గలీజియా అని సొంత బ్లాగు రాసుకునే విలేకరి, మీ అందరిలాగే ఒక్క మనిషి. పోయేనాటికి ఆమె మీద నలభైకి పైగా పరువు నష్టం దావాలున్నాయి. 2017 అక్టోబర్ 16న కారులో బాంబు పెట్టి చంపేశారు. ఆర్నెల్లు తిరిగేసరికి అనేక దేశాల పత్రికలు కలిసి ఆమె వదిలిన పని అందుకుని ప్రచురించడం మొదలుపెట్టాయి. ఆ పని ఆమె బతికుండగానే జరిగుంటే అని నాకనిపిస్తుంది. ఛత్తీస్‌గఢ్‌లో 2023లోనే విలేకరుల రక్షణ చట్టం కోసం అసెంబ్లీ బిల్లు ఆమోదించింది. 2025 జనవరిలో బస్తర్‌లో యూట్యూబ్ ఛానెల్ నడిపే ముకేశ్ చంద్రాకర్ శవం సెప్టిక్ ట్యాంకులో దొరికింది. రోడ్డు పనుల్లో అవినీతి బయటపెట్టాడు. చట్టం కావాలి, వద్దనను. కానీ ఆ రాత్రి ఆ కుర్రాడి పక్కన ఎవరైనా ఉండుంటే అన్న ఆలోచన నన్ను వదలదు.

కాబట్టి సోర్సు ఆనవాళ్ళు తీసేసిన నోట్స్ ఒక కాపీ, వేరే జిల్లాలో నీకు నమ్మకమున్న విలేకరికి పంపు. పంపానని నలుగురికీ తెలియనివ్వు, ఎవరికి పంపావో తెలియనివ్వకు.

మీ ఆవిడకి అన్నీ చెప్పు. ఆ పేరు తప్ప.

అడిగినది: గట్టుమీద

శుక్రవారం రాత్రి రాస్తున్నాను.

మూడోకాపీ గారు చెప్పినట్టు వీడియో ఫ్రేము ఫ్రేముగా చూశాను. రెండో నిమిషంలో ఒక బిల్లు మూలన సీరియల్ నంబర్‌లో చివరి మూడు అంకెలు కనిపిస్తున్నాయి. నేను మసక పెట్టాననుకున్నాను. చేతులు చల్లబడ్డాయి. మా వకీలుతో మాట్లాడితే, ఒరిజినల్ ఫైలు ముట్టుకోవద్దు, బయట కనిపించే చోట మాత్రం ఆ భాగం కప్పి, ఎందుకు కప్పామో తేదీతో రాసి పెట్టుకోండి అన్నారు. అలాగే చేశాను. అప్పటికే ఎంతమంది చూశారో తెలియదు.

కాగితం పంపిన మూడో రోజు కానిస్టేబుల్ ఇంటికి వచ్చి అసలు నోటీసు చేతికిచ్చాడు. ఈసారి క్రైం నంబర్ ఉంది. ఎఫ్‌ఐఆర్ తేదీ చూస్తే, నా ఉత్తరం వాళ్ళకి అందిన మర్నాడు.

ఈ రోజు వకీలుతో వెళ్ళాను. బయట ఇద్దరు విలేకరులు నిలబడ్డారు. అందులో ఒకాయనతో నాకు నాలుగేళ్ళుగా మాటల్లేవు. రెండు గంటల నలభై నిమిషాలు లోపలున్నాను. బిల్లులు ఎవరిచ్చారని ఆరుసార్లు అడిగారు. ఆరుసార్లూ "చెప్పలేను, కోర్టులో సమాధానమిస్తాను" అన్నాను. ఐదోసారి గొంతు వణికింది, అయినా అదే చెప్పాను. ఫోన్ ఏదన్నారు. వకీలు రాతపూర్వక జవాబు ఇచ్చి కాపీ మీద స్టాంపు అడిగారు. స్టేషన్‌లో రాతపని చూసే రైటర్ చాలాసేపు ఆలోచించి వేశాడు. సోమవారం హైకోర్టులో కేసు కొట్టేయమని పిటిషన్ వేస్తున్నాం.

ఇల్లు ఖాళీ చేయాల్సిందే, ఓనర్ మాట మారలేదు. నా భార్య కొత్త ఇంటి కోసం తిరుగుతోంది, ఒక్క మాట కూడా అనలేదు.

తిరిగొచ్చేటప్పుడు ఆయన ఎదురుపడ్డాడు. బండి మీద వెళ్తున్నాడు, వెనక కూతురు కూర్చుంది. నేను తల తిప్పుకుని, రోడ్డు అవతల గోడ మీద పోస్టర్ చదువుతున్నట్టు నిలబడ్డాను. బండి శబ్దం దూరమయ్యేదాకా అలాగే ఉన్నాను.